శ్రుతి పట్టిన గురువు

సూరన్నకి నాలుగు రోజులుగా అన్నం సయించడం లేదు.

భీమిలి చుట్టుపక్కల ముప్పై ఏళ్ళుగా పెళ్ళన్నా, దేవుడి కల్యాణమన్నా సూరన్న సన్నాయి మేళమే రావాలి. ఆయన దగ్గర నేర్చుకున్నవాళ్ళు ఇరవైమందికి పైనే. అందరికన్నా ఆఖర్న చేరింది నూకరత్నం. ఉప్పుమళ్ళలో పనిచేసే ఎర్రయ్య కూతురు. ఎనిమిదేళ్ళప్పుడు మేళం వెనకాలే నడుచుకుంటూ ఊరు దాటిపోయి, తల్లీతండ్రీ ఊరంతా గాలిస్తుంటే, సూరన్న ఇంటి అరుగు మీద నిద్రపోతూ దొరికింది.

"ఆడపిల్లకి సన్నాయేటి సూరన్నా?" అని నలుగురూ నవ్వారు. ఆయన లెక్కచెయ్యలేదు. సన్నాయి మొదట్లో పెట్టి ఊదే పీకని ఆ చిన్న నోటికి పట్టేలా తన చేత్తో కట్టి ఇచ్చాడు. ఊపిరి ఎలా పట్టాలో, ఎలా వదలాలో, బుగ్గల్లో ఎంత దాచుకోవాలో పదకొండేళ్ళు నేర్పాడు. పిల్లాపాపా లేని మనిషి. బయటివాళ్ళ దగ్గర "మా రత్నం" అనేవాడు. ఆ మాట అనేటప్పుడు కండువా సర్దుకునేవాడు.

ఇప్పుడు రత్నానికి పందొమ్మిది. ఆమె తోడి రాగం ఎత్తుకుంటే పెళ్ళివారు తాంబూలాలు చేతిలో పట్టుకుని అలాగే నిలబడిపోతున్నారు.

కిందటి నెల కాకినాడ దగ్గర ఒక పెళ్ళికి రెండు మేళాలు పెట్టించారు. రెండోది కోనసీమ గుర్నాథంగారిది. అరవై దాటిన మనిషి. ఆయన తోడి వాయిస్తూ గాంధారం దగ్గర ఆగాడు. ఊపిరిని దారంలా సన్నం చేసి, ఆ ఒక్క స్వరం మీదే కాసేపు నిలిపి వదిలాడు. రత్నం పందిరి రాటకి ఆనుకుని విన్నది. ఆ తర్వాత పది రోజులు సాధనలో అదే చోటికి వచ్చి ఆగిపోయేది. మళ్ళీ మొదలుపెట్టేది. మళ్ళీ ఆగిపోయేది.

పదకొండో రోజు పాఠం అయ్యాక చేతులు కట్టుకుని నిలబడింది.

"గురువుగారూ, నన్ను గుర్నాథంగారి దగ్గరికి పంపుతారా?"

సూరన్నకి మొదట అర్థం కాలేదు. అర్థమయ్యాక ముఖం ఎర్రబడింది.

"నేను చెప్పిందంతా అయిపోయిందా నీకు?"

"అయిపోలేదండి. కానీ అక్కడ ఒకటుంది. అది మన దగ్గర లేదు."

పదకొండేళ్ళలో ఆ పిల్ల ఆయనకి ఎదురు చెప్పలేదు. ఇప్పుడూ చెప్పలేదు, ఉన్నమాట చెప్పింది. అదే గుచ్చుకుంది.

"వెళ్ళు," అన్నాడు. "ఆ సన్నాయి మాత్రం నాది. ఇక్కడ పెట్టి వెళ్ళు."

రత్నం సన్నాయిని గుడ్డలో చుట్టి చాప మీద పెట్టింది. ఆయన కాళ్ళకి దండం పెట్టింది. వెళ్ళిపోయింది. మళ్ళీ రాలేదు.

అయిదో రోజు పొద్దున్నే సూరన్న తన గురువు ఇంటికి బయల్దేరాడు.

*

పైడిస్వామికి ఎనభై రెండేళ్ళు. భీమిలికి ఉత్తరాన, సముద్రం ఒడ్డున బెస్తవాళ్ళ ఊళ్ళో ఉంటాడు. ఒకప్పుడు ఆయన సన్నాయి ఎత్తితే వలలు బాగుచేసుకునేవాళ్ళ చేతులు ఆగిపోయేవట. పదేళ్ళ కిందట పళ్ళన్నీ ఊడిపోయాయి. పళ్ళు లేకపోతే పీక నిలవదు. ఆ రోజునుంచి సన్నాయి ముట్టలేదు. దాని గురించి ఎవరితోనూ వాపోలేదు కూడా.

సూరన్న వెళ్ళేసరికి ఆయన అరుగు మీద కూర్చుని చింతపండులో గింజలు తీస్తున్నాడు.

"ఏరా సూరీ, చిక్కిపోయావేటి?"

అంతే. సూరన్న అరుగెక్కాడు. కూర్చుని మొత్తం చెప్పుకొచ్చాడు. పైడిస్వామి గింజలు తీస్తూనే విన్నాడు.

"పదకొండేళ్ళండి! కడుపున పుట్టినదాన్నైనా అలా చూసుకోను. పెదవి పగిలితే వెన్న రాశాను. జ్వరం వస్తే మంచం పక్కనే కూర్చున్నాను. నాకు తెలిసింది ఒక్క ముక్క దాచుకోలేదు. తీరా నలుగురూ వినే వేళకి, మీ దగ్గర లేదు, పోతానంటుంది. నా తర్వాత మేళం ఎవరు నడుపుతారండి? నేనేం తక్కువవాణ్ణా? మీ తర్వాత సాలూరు బంగారయ్యగారంతటివారు ఒక్కసారి విని నన్ను శిష్యుడిగా తీసుకున్నారు. మీకు తెలీనిదా!"

గుమ్మంలో నిలబడి వింటున్న పైడిస్వామి భార్య పారమ్మ ఏదో అనబోయింది. ముసలాయన అటు చూశాడు. ఆవిడ నోరు మూసుకుంది.

"పిల్ల ఎలా వాయిస్తాది?" అన్నాడు పైడిస్వామి.

సూరన్న కోపంలో ఉన్నా ఆ ప్రశ్నకి అబద్ధం చెప్పలేకపోయాడు.

"ఎలా అంటే... మీ పేరు నిలబెడుతుందండి."

"నేను విన్లేదు కదా. రేపు తీసుకురా."

"దాని దగ్గర సన్నాయి లేదండి. నేను తీసేసుకున్నాను."

పైడిస్వామి వేళ్ళు చింతపండులో ఆగిపోయాయి. శిష్యుడి ముఖంలోకి చూశాడు. సూరన్న తల దించుకున్నాడు.

"అయితే ఇచ్చి తీసుకురా," అన్నాడు గురువు. మళ్ళీ గింజలు తీయడం మొదలుపెట్టాడు.

*

ఉప్పుమళ్ళ గట్టు మీద సూరన్న చెప్పులు చేత్తో పట్టుకుని నడిచాడు. చంకలో సన్నాయి. ఎండ ఉప్పు మీద పడి కళ్ళల్లోకి కొడుతోంది. దూరంగా ఎర్రయ్యా, రత్నం మడిలో ఉప్పు లాగి కుప్ప పోస్తున్నారు.

ఆయన్ని చూసి ఎర్రయ్య తలపాగా విప్పి పరిగెత్తుకొచ్చాడు. రత్నం ఉన్నచోటే నిలబడింది. ఎండకీ, ఉప్పుగాలికీ ఆమె పెదవులు చీలి, కింది పెదవి మీద నెత్తురు గడ్డకట్టి ఉంది.

దారంతా సూరన్న ఏం మాట్లాడాలో కూడబలుక్కుంటూ వచ్చాడు. ఆ పెదవి చూడగానే అన్నీ మర్చిపోయాడు.

"ఆ మూతి ఏంటే? నాలుగు రోజుల్లో పదకొండేళ్ళ పని నాశనం చేస్తావా? ఆ పెదవితో పీక పట్టుద్దా? ఎర్రయ్యా, నీకైనా బుద్ధి ఉండక్కర్లేదా!"

ఎర్రయ్య బిత్తరపోయాడు. "వద్దన్నానండి బాబూ. ఇంట్లో ఉంటే ఏడుస్తంది. ఇక్కడైతే ఏడవదని..."

రత్నం మొహం పక్కకి తిప్పుకుంది. సూరన్న సన్నాయిని ఆమె చేతుల్లో పెట్టాడు.

"రేపు పెద్దగురువుగారు నిన్ను వింటారంట. ఈ పూటకి వెన్న రాసుకో. నీళ్ళు బాగా తాగు."

తిరిగి గట్టెక్కుతుంటే వెనక నుంచి పిల్ల వెక్కిళ్ళు వినిపించాయి. ఆగలేదు. ఆగితే తనకీ ఏడుపొస్తుందని భయం.

*

మర్నాడు పొద్దున్న పైడిస్వామి ఇంటి ముందు వసారాలో చాప పరిచారు. రత్నం స్నానం చేసి, ఉన్నవాటిలో మంచి చీర కట్టుకుని వచ్చింది. చీలిన పెదవికి వెన్న మెరుస్తోంది. మూలన ఉన్న శ్రుతిపెట్టె తెచ్చి ఆమె వెనక పెట్టారు.

శ్రుతి పట్టడానికి సూరన్న వెంట ఎవర్నీ తీసుకురాలేదు. మేళంలో అది అందరికన్నా చిన్నపని. కొత్తగా చేరినవాడు వెనకాల కూర్చుని తిత్తి కదుపుతూ ఒకే స్వరం పలికిస్తూ ఉండాలి. వాడివైపు ఎవరూ చూడరు.

"పారమ్మత్తా, పక్కింటివాళ్ళలో ఎవరైనా ఉంటే..." అంటూ సూరన్న లేచాడు.

అప్పటికే పైడిస్వామి గోడ పట్టుకుని లేచి, మెల్లగా నడిచి వచ్చి, రత్నం వెనక చాప మీద చతికిలబడ్డాడు. శ్రుతిపెట్టె ఒళ్ళోకి లాక్కున్నాడు.

సూరన్న పరుగున వచ్చాడు. "మీరా? వద్దండి! తమరు శ్రుతి పట్టడం ఏంటండి, ఇలా ఇవ్వండి, నేను..."

ముసలాయన ఒక చెయ్యెత్తి ఆపాడు. రెండో చెయ్యి తిత్తి మీదే ఉంది.

"నాకేం కొత్త కాదులే. నువ్వెళ్ళి ఎదురుగా కూర్చో. విను."

రత్నం సన్నాయి కింద పెట్టింది. వెనక్కి తిరిగి ఆయన కాళ్ళు ముట్టుకోబోయింది. "వాయించమ్మా," అన్నాడు. శ్రుతి మొదలైంది.

పిల్ల తోడి ఎత్తుకుంది.

సూరన్న పదకొండేళ్ళుగా ఆమె పక్కన కూర్చునే విన్నాడు. తప్పులు పట్టుకుంటూ విన్నాడు. తన తర్వాత అందుకోవాల్సిన మేళగత్తె అనుకుంటూ విన్నాడు. ఎదురుగా కూర్చుని, చేతిలో ఏమీ లేకుండా వినడం ఇదే మొదటిసారి.

తాను నేర్పిన ప్రతి మలుపూ అక్కడుంది. తాను కట్టిన ప్రతి మెట్టూ ఉంది. వాటి మీదుగా ఆ పిల్ల ఎక్కిపోతోంది. పారమ్మ కుంచం పట్టుకుని బియ్యం కొలుస్తున్నదల్లా అలాగే నిలబడింది. వీధిలో చేపల తట్టలతో వెళ్తున్న ఆడవాళ్ళు ఇద్దరు తట్టలు దించి కూర్చున్నారు.

ఎక్కి ఎక్కి రత్నం గాంధారం దగ్గరికి వచ్చింది. ఆగింది. ఊపిరి సన్నం చేసింది. ఏదో వెతికింది. చీకటి గదిలో గూట్లోకి చెయ్యి చాపి తడుముకున్నట్టుగా వెతికింది. దొరకలేదు. అందంగానే కిందికి దిగివచ్చింది. వీధిలో ఆడవాళ్ళకి ఏమీ తెలియలేదు. సూరన్నకి మాత్రం ఆ పిల్ల చెయ్యి ఖాళీగా వెనక్కి రావడం కనిపించింది.

రాగం ముగిశాక శ్రుతి ఆపి పైడిస్వామి అడిగాడు.

"ఆ పైన ఏదో వెతికింది. ఏట్రా అది?"

సూరన్న నోరు తెరిచాడు. ఏదో ఒకటి చెప్పొచ్చు. చెప్తే పిల్ల కూడా నమ్ముతుంది. చెప్పలేకపోయాడు.

"నాకు తెలీదండి."

"నాకూ తెల్దు," అన్నాడు పైడిస్వామి. "తెలిసినవాడు బతికే ఉన్నాడు."

శ్రుతిపెట్టె పక్కన పెట్టి, గోడ పట్టుకుని లేచి, కాళ్ళు సాగదీసుకోవడానికని వీధిలోకి నడిచాడు. రత్నం ఆయన చెయ్యి పట్టుకుని వెంట వెళ్ళింది.

వసారాలో సూరన్న, పారమ్మ మిగిలారు.

"అత్తా," అన్నాడు సూరన్న. "కొత్త కాదన్నారేంటి? ఆయన ఎప్పుడు శ్రుతి పట్టారు? చిన్నప్పుడా?"

పారమ్మ కుంచం కింద పెట్టింది.

"చిన్నప్పుడు కాదురా నాయనా. నలభై అయిదో ఏట. నీకోసం."

సూరన్న ఆవిడ దగ్గరికి జరిగాడు.

"మీ గురువుకీ సాలూరు బంగారయ్యకీ పడేది కాదు, గుర్తుందా? పెళ్ళిలో పదిమంది ముందు, నీ సన్నాయి మేకల్ని పిలుచుకోడానికి బాగుంటాదని అన్నాడు ఆ బంగారయ్య. వాడున్న పందిట్లో అడుగు పెట్టనని ఈయన ఒట్టేసుకున్నాడు. పదేళ్ళు ఆ ఒట్టు మీదే ఉన్నాడు. నీకు ఇరవై ఒకటి వచ్చినప్పుడు ఒకరోజు అన్నం తింటూ తింటూ చెయ్యి ఆపేశాడు. 'పారా, ఆడికి నా దగ్గర ఇంక ఏమీ లేదే' అన్నాడు. మర్నాడు సాలూరు నడిచెళ్ళిపోయాడు."

"నాతో చుట్టాలింట్లో శుభకార్యం అన్నారు," అన్నాడు సూరన్న మెల్లగా.

"నీ శిష్యుణ్ణి తీసుకుంటాను గానీ, మా ఊరి రామనవమి పందిట్లో తొమ్మిది రోజులు నా వెనక కూర్చుని శ్రుతి పట్టాలన్నాడు బంగారయ్య. అప్పట్లో ఈ పెట్టెలెక్కడివి? శ్రుతి సన్నాయి ఊదాల్సిందే. ఒకటే స్వరం, పొద్దుట మొదలెడితే ఎండెక్కేదాకా. చుట్టుపక్కల ఊళ్ళ మేళగాళ్ళంతా చూడ్డానికొచ్చారంట. ఈయన తొమ్మిది పొద్దులూ ఊదాడు. తొమ్మిదోనాడు బంగారయ్యే సిగ్గుపడి, ఈ సంగతి ఆ కుర్రాడి చెవిన ఎవడైనా వేస్తే ఊరుకోనని అందరిచేతా ఒట్టు పెట్టించుకున్నాడు. నిన్ను ఒక్కసారి విని తీసుకున్నాడా నాయనా? వినకుండానే తీసుకున్నాడు."

సూరన్నకి ఆ రోజు గుర్తొచ్చింది. గురువు ఎక్కడినుంచో ఎండకి నల్లబడి వచ్చాడు. కాళ్ళు కూడా కడుక్కోకుండా, "రేపు సాలూరు బయల్దేరు. ఇంక నా దగ్గర నీకు పని లేదు" అన్నాడు. గెంటేశాడనుకున్నాడు తను. ఆ కోపంతో రెండేళ్ళు ఇటువైపు తొంగిచూడలేదు. సాలూరులో తన పేరు మోగుతున్నప్పుడు, నన్ను వదులుకున్నందుకు ముసలాడికి బాగా అయిందనుకున్నాడు.

పైడిస్వామి తిరిగొచ్చి అరుగెక్కుతుంటే సూరన్న ఎదురెళ్ళాడు. కాళ్ళ మీద పడలేదు. ఆయన పెదవుల వైపు చూస్తూ నిలబడ్డాడు.

"నాకెందుకు చెప్పలేదండి?"

ముసలాయన పారమ్మ వైపు ఒకసారి విసుగ్గా చూశాడు. తర్వాత శిష్యుడి వైపు తిరిగాడు.

"చెప్తే వెళ్ళేవాడివేట్రా?"

*

రైలు దిగి, లాంచీలో గోదావరి దాటి, కొబ్బరితోటల మధ్య నుంచి నడిచి, మూడో రోజు మధ్యాహ్నానికి సూరన్న, రత్నం గుర్నాథంగారి ఊరు చేరారు. ఎర్రయ్య కూడా వస్తానన్నాడు గానీ, ఉప్పు కుప్పల మీద వాన పడేలా ఉందని ఆగిపోయాడు. "మీరున్నారు కదండీ," అన్నాడు.

గుర్నాథంగారు శిష్యుల్ని కూర్చోబెట్టుకుని పాఠం చెప్తున్నారు. వచ్చిన పని వినగానే తల అడ్డంగా ఆడించారు.

"నాకు ఓపిక తగ్గిపోయిందండి సూరన్నగారూ. కొత్తవాళ్ళని తీసుకోవడం మానేసి నాలుగేళ్ళవుతోంది. పైగా మీరే పెద్ద విద్వాంసులు. నేను ప్రత్యేకంగా చెప్పేదేముంటుంది?"

గదిలో పదిమంది శిష్యులున్నారు. అందరికీ భీమిలి సూరన్న పేరు తెలుసు. అందరూ ఆయన వైపే చూస్తున్నారు.

"ఒక్కసారి వినండి చాలు," అన్నాడు సూరన్న.

రత్నం వాయించింది. గుర్నాథంగారు మొదట గోడకి ఆనుకుని విన్నారు. కాసేపటికి ముందుకి వంగారు. గాంధారం దగ్గర ఆ పిల్ల ఆగి వెతికినప్పుడు, ఆయన పెదవులు తెలియకుండానే కదిలాయి.

"ఎవరు చెప్పారమ్మా నీకు?" అడిగారు, ముగిశాక.

రత్నం వెన్ను నిటారుగా చేసుకుంది. "మా గురువుగారండి. భీమిలి సూరన్నగారు. మొదటి పీక నుంచి ఆయనే."

"దిద్దడానికి ఒక్కటి దొరకలేదు నాకు. ఇంత చెప్పినవారు ఆ మిగిలింది కూడా మీరే..."

"నా దగ్గర లేదండి," అన్నాడు సూరన్న.

అనడానికి ఎంత కష్టమవుతుందోనని లాంచీ మీద నదిని చూస్తూ అనుకున్న మాట. తీరా అనేసరికి గొంతు స్థిరంగానే పలికింది. ఎదురుగా కూర్చున్న పదిమందినీ ఒకసారి చూసి మళ్ళీ అన్నాడు.

"ఉన్నదంతా ఇచ్చేశాను. ఇంక నా దగ్గర లేదు. మీ దగ్గర ఉంది. నేనూ విన్నాను."

గుర్నాథంగారు లోపలికి తిరిగి భార్యని కేకేశారు.

"ఏమేవ్, పిల్ల వచ్చింది. లోపలి గదిలో చాప వెయ్యి."

సూరన్న ఆయన్ని వాకిట్లోకి తీసుకెళ్ళి గొంతు తగ్గించాడు.

"జ్వరమొస్తే చెప్పదండి. ఒళ్ళు కాలిపోతున్నా సాధన చేస్తానంటుంది. నుదురు ముట్టుకుని చూడాలి. గాలి మారితే పెదవి చీలుతుంది. పాఠంలో ఉలుకూ పలుకూ లేకుండా కూర్చుంటే బద్ధకం అనుకోకండి, తన మీద తనకే కోపం. అలాంటప్పుడు తిట్టినా పనిచెయ్యదు, మెచ్చుకున్నా పనిచెయ్యదు. కాసేపు వదిలేస్తే తనే వస్తుంది. ఇంకా..."

"చెప్పండి," అన్నారు గుర్నాథంగారు. తొందరపెట్టకుండా నిలబడ్డారు.

సూరన్న ఇంకా చాలా చెప్పాడు.

*

తిరిగొచ్చిన మర్నాడు పైడిస్వామి ఇంటికి వెళ్ళాడు. ముసలాయన ఎండలో మంచం వేసుకుని పడుకుని ఉన్నాడు. సూరన్న మంచం పక్కన నేల మీద కూర్చుని, ఆయన అరికాళ్ళు ఒత్తుతూ, జరిగిందంతా చెప్పాడు. గుర్నాథంగారు ఏమన్నదీ, తనేమన్నదీ.

"దిద్దడానికి ఒక్కటి దొరకలేదన్నారండి," అన్నాడు. ఆ మాట ఇంకోసారి కూడా చెప్పాడు.

పైడిస్వామి కళ్ళు మూసుకుని విన్నాడు. నిద్రపోయాడేమో అనుకున్నాడు సూరన్న. చేతులు నెమ్మదించాయి.

"సూరీ."

"ఆఁ."

"నువ్వు సెలవు తీసుకున్నాక, లోపలికి పోతూ పిల్ల వెనక్కి తిరిగి చూసిందా?"

సూరన్న గుర్తు తెచ్చుకున్నాడు. కొబ్బరాకు నీడలు పడ్డ వాకిలి. లోపల ఎవరో తోడి మొదలుపెట్టారు. రత్నం ఆయన కాళ్ళకి దండం పెట్టి లేచింది. గుమ్మం వైపు నడిచింది. ఆయన వీధిలో నిలబడి చూస్తూనే ఉన్నాడు.

"లేదండి," అన్నాడు. "లోపల సన్నాయి వినిపిస్తోంది. అటే చూస్తూ వెళ్ళిపోయింది."

పైడిస్వామి కళ్ళు తెరిచాడు. పళ్ళు లేని నోరు విప్పారింది.

"బాగా నేర్పావురా."